పిడి లాగి చూడలేదు

బ్యాంకు ఉద్యోగి మాట నమ్మి ఇంతగా చెడిపోయినవాళ్ళు చరిత్రలో ఇంకెవరూ ఉండరు. నా సానుభూతి పూర్తిగా అమెరికాలో బ్యాంకులు, రైళ్ళు దోచిన పేరుమోసిన జెస్సీ జేమ్స్ ముఠాకే.

1876 సెప్టెంబర్ 7, మధ్యాహ్నం. అమెరికాలో మినెసోటా రాష్ట్రం, నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు. ఎనిమిది మంది గుర్రాల మీద దిగారు. ముగ్గురు ఫస్ట్ నేషనల్ బ్యాంకులోకి దూరి ఇనప్పెట్టె తెరవమన్నారు. ఆ రోజు క్యాషియర్ పని చూస్తున్న జోసెఫ్ లీ హేవుడ్, దానికి టైమ్ లాక్ (పెట్టిన గంటకే తెరుచుకునే తాళం) ఉంది, ఇప్పుడు తెరుచుకోదు అన్నాడు. మనకి ‘సర్వర్ డౌన్’ అంటే నమ్ముతామా? కౌంటర్ దగ్గరే నిలబడి గొణుగుతాం. వీళ్ళు నమ్మేశారు! కొట్టారు, గొంతు మీద కత్తి పెట్టారు. పిడి మాత్రం ఒక్కడూ లాగి చూడలేదు. పెట్టెకి అసలు తాళమే వేసి లేదు. లోపల సుమారు 15 వేల డాలర్లు.

చివరికి హేవుడ్‌ని కాల్చి చంపి పోయారు. ఇక్కడ మాత్రం నాకు వేళాకోళం రావడం లేదు.

చేతికొచ్చింది 26 డాలర్ల 70 సెంట్లు. తలకి మూడు డాలర్ల చిల్లర. గుర్రాల దాణాకైనా సరిపోయిందో లేదో. బయట ఊరివాళ్ళు తుపాకులు తీశారు, లేనివాళ్ళు రాళ్ళు విసిరారు. సెలవులకి ఇంటికొచ్చిన హెన్రీ వీలర్ అనే వైద్య విద్యార్థి ఎదుటి హోటల్ కిటికీలోంచి ఒక దొంగని కూల్చాడు. తర్వాత ఆ శవాన్నే కోత పాఠాలకి కాలేజీకి చేరవేశాడు. సొంత ఖర్చుతో ల్యాబ్ సామాను తెచ్చుకునే విద్యార్థులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు!

రెండు వారాలకి ముఠాలోని యంగర్ సోదరులు ముగ్గురూ దొరికారు. నేరం ఒప్పుకుంటే ఉరి తప్పుతుందని ఒప్పేసుకున్నారు, యావజ్జీవం పడింది. పాతికేళ్ళ తర్వాత బయటికొచ్చిన కోల్ యంగర్, జెస్సీ అన్న ఫ్రాంక్ జేమ్స్‌తో కలిసి వైల్డ్ వెస్ట్ షోలో (గుర్రాలూ తుపాకులతో ఆడే తమాషాలో) చేరాడు. అనుభవానికి విలువ ఉంటుంది మరి.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఏటా సెప్టెంబర్‌లో ‘డిఫీట్ ఆఫ్ జెస్సీ జేమ్స్ డేస్’ అని పెద్ద తిరునాళ్ళు. దోపిడీ నాటకం, తుపాకుల మోత, తినుబండారాలు. పండగ పేరులో ఓడినవాడున్నాడు, ప్రాణమిచ్చిన గుమస్తా లేడు. మనం తప్పుపట్టడానికి లేదనుకోండి, చంపింది సత్యభామ అయినా మన చతుర్దశి నరకుడిదే.

నేనెప్పుడైనా ఆ తిరునాళ్ళకి వెళ్తే, దొంగ వేషగాడి చెవిలో ఒక్క మాట వేస్తాను: నాయనా, ఒకసారి పిడి లాగి చూడు.