ఏడో తరగతి లెక్కల మీద తిరుగుతున్న ఆ ఫార్వర్డ్ గురించి

ఈ వారంలో ఇది నాలుగోసారి, ఈసారి మా బాబాయే పంపాడు. "ఆరు, ఏడు తరగతుల లెక్కల్లోకి అప్పులు, కూలి రేట్లు, ఆడ మగ నిష్పత్తి దూర్చి పిల్లల బుర్రలు పాడుచేస్తున్నారు, మాస్టార్లూ, లెక్కలు మాత్రం చెప్పండి చాలు" అని, కింద నాలుగు పాయింట్లు, ఆరు దండాలు.

"రెండు రెళ్ళు నాలుగే, ఇందులో సమాజం ఏంటి?" నాలుగే బాబాయ్, ఎవరూ ఐదనట్లేదు.

"ఐఐటీ ఫౌండేషన్‌కి టైం వేస్ట్." శాతాలు, నిష్పత్తులు ఫౌండేషన్ కాకపోతే ఇంకేంటో, సరే వదిలేద్దాం.

"మన పూర్వీకులు స్వచ్ఛమైన గణితం చెప్పారు." భాస్కరాచార్యుడి లీలావతి ఎప్పుడైనా తెరిచారా? వడ్డీ లెక్కలున్నాయి, పదహారేళ్ళ దాసి ధర 32 నిష్కాలైతే (అప్పటి నాణేలు) ఇరవయ్యేళ్ళ దాసి ధరెంత అనే లెక్క కూడా ఉంది, వయసు పెరిగితే రేటు తగ్గుతుంది కాబట్టి విలోమానుపాతం అట! 12వ శతాబ్దంలో మనుషుల్ని అమ్మే రేటు లెక్కల పుస్తకంలో ఉండొచ్చు, ఇప్పుడు కూలి రేటు ఉంటే మాత్రం అపచారం.

నాకు ఒళ్ళు మండింది నాలుగోదానికి. "అప్పులూ వడ్డీలూ చిన్నపిల్లలకెందుకు, పెద్దయ్యాక వాళ్ళకే తెలుస్తాయి." ఎలా తెలుస్తాయో మా వీధి చివర కూరగాయల బండి ఆవిడ్ని అడగండి. డైలీ ఫైనాన్స్ వాళ్ళు పదివేలు రాసుకుని 8,500 చేతిలో పెట్టారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి, కట్టినప్పుడల్లా కార్డు మీద ఒక సంతకం. "పదిహేను శాతమేగా" అంటుంది. చేతికొచ్చిందే 8,500, అదీ రోజూ కొంచెం కొంచెం వెనక్కి పోతూనే ఉంది, అంటే మొదట్లో 8,500, చివరికి సున్నా, సగటున ఆమె వాడుకున్నది 4,250 మాత్రమే, దానిమీద వంద రోజులకి 1,500 అంటే 35 శాతం, ఏడాదికి లెక్కేస్తే 129 దగ్గర తేలుతుంది. సగటు, శాతం, గుణకారం, అంతే, ఏడో తరగతి దాటి ఏమీ లేదు. ఆమె ఏడు పాసయింది కూడా. బారువడ్డీ సూత్రం ఇప్పటికీ గడగడా ఒప్పజెప్తుంది, పీటీఆర్ బై హండ్రెడ్. పెద్దయ్యాక బాగానే తెలిసింది కదా!

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మెసేజ్ చివర్లో ఎవరో పేరెంట్ గోడు ఉంది, క్లాసులో "మీ ఇంట్లో అప్పెంత" అని లేపి అడిగితే వాళ్ళబ్బాయి తల దించుకుని నిలబడ్డాడట. అది తప్పే. ట్యూషన్లో నేనూ ఒకసారి అలాగే అడిగా, ముందు వరసలో కూర్చునే పిల్ల రెండ్రోజులు రాలేదు. అప్పట్నుంచి ఫైనాన్స్ కార్డు నేనే అట్టముక్క మీద గీసి పట్టుకెళ్తున్నా, పేరు రాసే చోట ఖాళీ.