నందాదేవి తలుపు ఎవరికి మూశారు?

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉన్న నందాదేవి ప్రధాన శిఖరం ఎక్కడానికి సాధారణ పర్వతారోహకులకు నలభై ఏళ్లకు పైగా అనుమతి లేదు. 7,816 మీటర్ల ఎత్తుతో ఇది మన ఆధీనంలోని శిఖరాల్లో కాంచన్‌జంగా తర్వాతి స్థానంలో ఉంది. మళ్లీ తెరవాలన్న కోరిక పర్వతారోహణ వర్గాల్లో తరచూ వినిపిస్తూనే ఉంది. తెరవకూడదన్నదే మా అభిప్రాయం. అయితే ఆ మూసివేత ఎవరి నోటి దగ్గర కూడు లాగేసిందో, ఎవరికి మాత్రం అడ్డు కాలేదో కూడా మాట్లాడుకోవాలి.

ప్రకృతే ఈ కొండకు కోట కట్టింది. చుట్టూ శిఖరాల ప్రాకారం, లోపలి నీరు బయటికి రావడానికి రిషిగంగ లోయ ఒక్కటే దారి. 1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్, వారితో ముగ్గురు షెర్పాలు ఆ కొండచరియల్లో అడుగుతీసి అడుగేస్తూ మొదటిసారి ఆ లోయగుండా లోపలికి చేరారు. రెండేళ్ల తర్వాత, 1936 ఆగస్టు 29న, టిల్మన్, నోయెల్ ఒడెల్ కొన మీద నిలబడ్డారు. 1950లో అన్నపూర్ణను ఎక్కేదాకా మనిషి చేరిన అత్యున్నత శిఖరం ఇదే.

అక్కడికి అందరూ కొండ మీది మోజుతోనే వెళ్లలేదు. 1964 అక్టోబరులో చైనా అణుపరీక్ష జరిపింది. దానిపై నిఘా పెట్టేందుకు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, మన ఇంటెలిజెన్స్ బ్యూరో కలిసి ప్లుటోనియం అనే రేడియోధార్మిక లోహంతో నడిచే పరికరాన్ని నందాదేవి మీద అమర్చాలనుకున్నాయి. వెచ్చగా ఉంటుందని ఆ ప్లుటోనియం మోయడానికి షెర్పాలు పోటీపడేవారని ఆ బృందానికి నాయకత్వం వహించిన కెప్టెన్ ఎం.ఎస్. కోహ్లీ తర్వాతి కాలంలో చెప్పారు. అందులో ఏముందో ఆ అమాయకులకు తెలియదు. 1965లో తుపాను తరుముకురావడంతో పరికరాన్ని కొండ మీదే కట్టేసి దిగొచ్చారు. మరుసటి ఏడాది వెళ్లేసరికి అది లేదు. నేటికీ దొరకలేదు. 1978లో ఒక అమెరికన్ పత్రిక బయటపెట్టాకే ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో నిజం ఒప్పుకొని శాస్త్రవేత్తల సంఘాన్ని వేశారు. ప్లుటోనియం-238 సగానికి తగ్గడానికే దాదాపు 88 ఏళ్లు పడుతుంది. రిషిగంగ ధౌలిగంగలో, అది అలకనందలో కలుస్తాయి. అలకనంద, భాగీరథి కలిసే గంగ అవుతుంది.

ఇక ఆ కొండ నీడలో బతికేవారి సంగతి. 1974 మార్చిలో రేణి గ్రామంలో గౌరాదేవి, ఆమె వెంట ఇతర మహిళలు చెట్లకు అడ్డంగా నిలబడి కాంట్రాక్టరు మనుషులను వెనక్కి పంపారు. చిప్కో ఉద్యమానికి ఆ ఘట్టమే ప్రాణం. 1982లో ఇక్కడ జాతీయ పార్కు వచ్చింది, 1988లో యునెస్కో వారసత్వ గుర్తింపూ దక్కింది. పర్వతారోహకులు వదిలిన చెత్త, నరికిన వంటచెరకు చూస్తే మూసివేత అవసరమేనని ఒప్పుకోక తప్పదు. కానీ బరువులు మోసి సంపాదించుకునే కూలి, ఎత్తయిన పచ్చికబయళ్లలో గొర్రెల మేత, మూలికల సేకరణ ఒక్క దెబ్బకు పోయింది లాతా, రేణి ఊళ్ల భోటియా గిరిజనులకే. చెట్లు కాపాడినవాళ్లే అడవికి పరాయివాళ్లయ్యారు.

అదే రిషిగంగ మీద, రేణి గుమ్మం ముందే, జలవిద్యుత్ ప్రాజెక్టుకు మాత్రం ఏ అడ్డూ రాలేదు. 2021 ఫిబ్రవరి 7న రోంటీ శిఖరం నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు విరిగిపడింది. రిషిగంగ ప్రాజెక్టు తుడిచిపెట్టుకుపోయింది, కింద తపోవన్‌లో కార్మికులు సొరంగంలో చిక్కుకున్నారు. చనిపోయినవారు, ఆచూకీ లేనివారు కలిపి రెండు వందల పైమాటే. పాత అణు పరికరం పేలిందేమోనని ఊళ్లవాళ్లు భయపడ్డారు. అది కారణం కాదని శాస్త్రవేత్తలు తేల్చారు. అయినా అర్ధ శతాబ్దం నాటి రహస్యం వరద వచ్చినప్పుడల్లా జనాన్ని భయపెడుతోందంటే తప్పు జనానిది కాదు. ఆ ఊరి నేల కోతకు గురవుతుంటే చివరికి గౌరాదేవి విగ్రహాన్ని సైతం జోషీమఠ్‌కు తరలించారు.

శిఖరాన్ని మూసే ఉంచండి. అయితే రిషిగంగ, ధౌలిగంగ నీటిలో రేడియోధార్మికతను క్రమం తప్పకుండా పరీక్షించి, ఫలితాలను ఆ ఊళ్ల పంచాయతీ కార్యాలయాల్లో అతికించాలి. పార్కు అంచుదాకా పరిమితంగా అనుమతిస్తున్న ట్రెక్కింగ్‌ను నడిపే హక్కు, ఆదాయం లాతా, రేణి గ్రామసభలకే దక్కాలి. ఆ లోయలో కొత్త ప్రాజెక్టు ఏదైనా సరే, ముందు వారి అనుమతి తీసుకోవాలి.