జాన్ సెల్లర్ రాగి రేకుల దొంగా?

పాత పటాలంటే మోజున్నవాళ్ల మధ్య ఒక మాట తరచూ తిరుగుతుంటుంది. 17వ శతాబ్దపు లండన్ ప్రచురణకర్త జాన్ సెల్లర్ డచ్చివాళ్ల సముద్ర పటాలు దొంగిలించాడట, రాజుగారి అండతో దర్జాగా బతికాడట, అతని సముద్ర పటాల పుస్తకం ‘ఇంగ్లిష్ పైలట్’ నావికులకు ఎందుకూ కొరగాలేదట.

ముందు దొంగతనం సంగతి. అప్పట్లో పటాన్ని రాగి రేకుమీద తిరగేసి చెక్కి, దాంతో కాగితంమీద అచ్చేసేవారు. అరిగిపోయిన డచ్చి రాగి రేకుల్ని సెల్లర్ పాత రాగి కింద కొని, అక్కడక్కడ మెరుగుపెట్టించాడని ఆ కాలపు ఇంగ్లిష్ అధికారి శామ్యూల్ పీప్స్ రాసిపెట్టాడు. నౌకాదళం లెక్కలు చూసినవాడు కనుక ఆ మాటకు విలువుంది. అయితే ఆయన కూడా కొన్నాడనే అన్నాడు, ఎత్తుకొచ్చాడనలేదు. ఆ వ్యాపారంలో రేకే ఆస్తి. మార్చాల్సిన చోట గీతను గీకి, వెనకనుంచి సుత్తితో తట్టి చదునుచేసి, అక్షరాల్ని తిరగేసి మళ్లీ చెక్కేవారు. చాలాసార్లు మారేది యజమాని పేరే, తీరం కాదు. ఆమ్‌స్టర్‌డాంలోనూ ఇదే తంతు. 1629లో అక్కడి పటాల ప్రచురణకర్త విల్లెం బ్లావు, తనలాగే పటాలు అచ్చేసే హోండియస్ కుటుంబం నుంచి రేకులు కొని వాటిమీద తన పేరు చెక్కించుకున్నాడు. ఆయన్ని మాత్రం మహానుభావుడంటాం!

సెల్లర్‌ను నిజంగా పట్టుకోవాల్సింది ‘పైలట్’ ముఖపత్రం దగ్గర. ఆంగ్ల నావికుల అనుభవం నుంచి కూర్చిన కొత్త, కచ్చితమైన పటాలని అక్కడ అచ్చేశాడు. అది అబద్ధానికి బాగా దగ్గర.

ఇక దర్జా. 1662లో రాజద్రోహం కేసులో అతనికి శిక్ష పడింది. తోటి నిందితుల్లో కొందరికి మరణదండన అమలైంది, ఇతను క్షమాభిక్షతో బయటపడ్డాడు. 1671లో రాజుగారి హైడ్రోగ్రాఫర్ (సముద్ర పటాల నిపుణుడు) బిరుదు వచ్చిన మాట నిజమే. కానీ 1677కల్లా చేతిలో డబ్బాడక భాగస్వాముల్ని చేర్చుకున్నాడు. రెండేళ్లకే ఆ పొత్తు విడిపోయింది, తలపెట్టిన ఇంగ్లండ్ కౌంటీల (జిల్లాల్లాంటివి) అట్లాసు సగంలో ఆగింది.

కొరగాలేదన్నదీ నిలవదు. 1697లో సెల్లర్ పోయాక కూడా వంద సంవత్సరాల పాటు ‘పైలట్’ అచ్చవుతూనే ఉంది. అమ్ముడైనంత మాత్రాన తప్పులు లేవని కాదు, పాత తప్పులు కొత్త ముద్రణల్లోకీ వచ్చాయి. అమెరికా తీరాల నాలుగో భాగాన్ని కూడా అతని ఖాతాలోనే వేస్తారు. నిజానికి 1689లో దాన్ని తెచ్చింది థార్న్‌టన్, ఫిషర్ అనే వేరే ప్రచురణకర్తలు.

సొంతంగా కొలిపించి ఉండాల్సిందంటారా? నౌకాదళ అధికారి గ్రీన్‌విల్ కాలిన్స్‌కు బ్రిటన్ తీరాన్ని కొలవడానికి 1681 నుంచి ఏడేళ్లు పట్టింది, అదీ రాజుగారి ఓడ ఇస్తే. సెల్లర్‌కు ఉన్నది వాపింగ్ రేవు మెట్ల దగ్గర దిక్సూచులమ్మే దుకాణం.