21 నిండాయా అని ఎవరడుగుతున్నారు?

పాతపట్నం దగ్గర ఒక ఊరు. హైస్కూలు దారిలో కిరాణా కొట్టు చాటున నడుస్తున్న బెల్టు షాపు గురించి రామకోవెల అరుగు మీద మాట నడుస్తోంది. మాట్లాడేది ఇద్దరు. అప్ప, అంటే అక్క, డ్వాక్రా సంఘం లీడరు. ఆయన ఆవిడ తమ్ముడు, టౌన్‌లో వకీలు దగ్గర గుమాస్తా.

అప్ప: మొత్తం మందే బందు చెయ్యాలి. అదొక్కటే దారి.

తమ్ముడు: చేశారు కదప్పా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు, 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఈలోగా మనకి ఏటి దొరకలేదు? ఒడిశాలో పర్లాకిమిడి పక్క నుంచి ట్యూబుల్లో సారా దిగేది.

అప్ప: దిగేది, కాదన్ను. అప్పుడు నువ్వు టెన్త్. నువ్వు తాగేవా? సారా తెచ్చీవోడంటే భయపడి చుట్టూ తిరిగి ఇంటికొచ్చీవోడివి. ఇప్పుడు గుంటలకి ఆ భయం ఏదీ? బిస్కట్ పాకెట్టూ క్వార్టరూ ఒకే చేత్తో ఇస్తున్నాడు.

తమ్ముడు: దానికి చట్టం ఉంది. 21 నిండనోడికి అమ్మకూడదు. వైన్ షాపు బోర్డు మీదే రాసుంటది.

అప్ప: వైన్ షాపోడికి లైసెన్సు పోద్దన్న భయముంది. బెల్టు షాపోడికి లైసెన్సే లేదు, పోడానికేటుంది?

(ఈ మాట దగ్గర నేను అప్ప వైపే. చట్టం నిలబడడానికి ఒక కౌంటరు కావాలి. బియ్యం బస్తా వెనకనుంచి సీసా తీసిచ్చే చోట వయసు అడిగేవాడు లేడు.)

అప్ప: మొన్న శనివారం నా కళ్లతో చూశాను. ఎనిమిదో క్లాసు గుంటడు. అరచేతిలో నోటు చెమటకి తడిసిపోయింది. "మా నాన్నకి" అన్నాడు. సీసా లెక్కల పుస్తకాల మధ్య పెట్టుకున్నాడు. సందు మలుపులో కూచుని మూత తిప్పాడు. ఒక మూతెడు తాగి, కొళాయి దగ్గర ఒక మూతెడు నీళ్లు పోశాడు. నాన్నకి తెలీకూడదని. ఆ చెయ్యి వణకలేదురా. అలవాటైన చెయ్యి.

తమ్ముడు: (కాసేపాగి) అయితే కేసు పెడదాం. బాలల న్యాయచట్టం, 2015. పద్దెనిమిది లోపు పిల్లడికి మందు ఇచ్చినోడి మీద 77వ సెక్షను. పిల్లడి చేత మందు మోయించినోడి మీద 78. దేనికైనా 7 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

అప్ప: మోయించినోడంటే?

తమ్ముడు: పంపినోడు.

అప్ప: ఆడి నాన్న. జీడిపప్పు బట్టీలో కూలి. ఆడు జైలుకెళితే ఆ ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిస్తారు?

తమ్ముడు: మరి ఊరుకుందామా? నీ బందు వచ్చినా ఆ నాన్న తాగడం మానడప్పా. ఏరు దాటించి తెప్పించుకుంటాడు. అప్పుడూ పంపేది ఈ గుంటణ్నే.

అప్ప: (చీర చెంగు వేలికి చుట్టుకుంటూ) 77 ముందు రాయి. కొట్టు పేరు రాయి, అర్జీ మీద సంఘం అందరి చేతా సంతకాలు పెట్టిస్తాను. 78 జోలికి ఇప్పుడే పోకు. రేపు పొద్దున బట్టీకి నేనెళ్తాను. సీసాలో నీళ్లెందుకున్నాయో ఆ నాన్నకి నేనే చెప్తాను.

తమ్ముడు: వినకపోతే?

అప్ప: అప్పుడు 78 కూడా నువ్వే రాయి.