మందార కొమ్మపై ఇల్లరికం ఉన్న పిండినల్లికి ఒక మనవి

మహారాజశ్రీ పిండినల్లి గారికి నమస్కారములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ గాని, ఈ ఇంట కుశలంగా ఉన్నది తమరొక్కరే కనుక ఆ మాటలో సగం కొట్టివేసి చదువుకోగలరు.

విజయవాడలో మా డాబా మీది ముద్దమందార కుండీలోకి ఎండలు ముదురుతున్న రోజుల్లో తమరు విచ్చేసినప్పుడు, తమను గుర్తించలేకపోయిన తప్పు పూర్తిగా నాది. ఆకు కాడ కొమ్మను కలిసే మూలలో దూదిపింజంత తెలుపు కనిపిస్తే దుమ్మనుకున్నాను. వారం తిరిగేసరికి అది చిగురంతా పరచుకుంటే బూజు తెగులనుకొని, శిలీంద్రాలను చంపే మందు తెచ్చి రెండు వారాలు శ్రద్ధగా కొట్టాను. తమరు మొక్క రసం పీల్చే పురుగని, ఒంటిమీది ఆ తెలుపు మైనపు పొడి అని తెలియక నేను చేయించిన ఆ అభిషేకాలను తమరు ఎంత వినోదంగా స్వీకరించి ఉంటారో! చివరికి అగ్గిపుల్లతో ఒకరిని కదిపి చూస్తే కాళ్లు కనిపించాయి. బూజుకు కాళ్లుండవన్న పాటి శాస్త్రజ్ఞానం నాకూ ఉంది.

అప్పటినుంచి తమ వైభవం గమనిస్తున్నాను. మడత నలగని తెల్లబట్టలు, కూర్చున్న చోటికే భోజనం, తిన్నది ఎక్కువై కింది ఆకుల మీదికి జారవిడిచే తేనెబంక, ఆ బంక మీద పట్టే నల్లని మసి, ఆ తీపి కోసం బారులు తీరి, ప్రతిఫలంగా తమ శత్రువులను తరిమికొట్టే చీమల పరివారం: ఏ ఇల్లరికపుటల్లుడికీ ఇంత మర్యాద జరగలేదు. జామాతా దశమగ్రహమన్న పెద్దలు తమను చూడలేదు కాబోలు. (అల్లుడన్న పోలిక తమ విషయంలో కాస్త కుంటుతుందని ఒప్పుకుంటాను. తమలో జీవితాంతం మొక్కను పట్టుకొని తినేది ఆడవారే; మగవారికి పెద్దయ్యాక రెక్కలొస్తాయి గాని తినడానికి పనికొచ్చే నోరుండదు, నాలుగు రోజులు ఎగిరి పోతారు.)

నా ఆతిథ్యంలోనూ లోపమేమీ లేదు. మొక్క నీరసించిందని గుప్పెడు యూరియా వేశాను. దానివల్ల మెత్తని చిగుళ్లు పుట్టుకొచ్చి తమకు విందు రెట్టింపైంది. వేపనూనె మంచిదని విని, సబ్బు కలపకుండా నీళ్లలో పోసి, మిట్టమధ్యాహ్నం కొట్టాను. నూనె నీటిపై తేలింది, ఆకులు మాడాయి, తమరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇప్పుడు కొంత బుద్ధి వచ్చింది. ముడుచుకొని గుత్తికట్టిన చిగుళ్లను కత్తిరించి, కుండీ మొదట్లో పడేయకుండా సంచిలో మూటకట్టి పారేస్తున్నాను. మిగిలిన కొమ్మలపై, ఆకుల అడుగున కూడా, నీళ్లు గట్టిగా చిమ్ముతున్నాను. ఒకరిద్దరు మొండికేస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుస్తున్నాను. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలిసేందుకు కాస్త సబ్బు నీళ్లు చేర్చి, ఎండ తగ్గాక కొడుతున్నాను. దూది సంచుల్లో దాగిన వందల గుడ్లను మందు అంత తేలిగ్గా చేరదు గనుక, మైనం ఇంకా పట్టని పిల్లలు బయటికి వచ్చే వేళకు, అంటే వారం పది రోజులకు, మళ్లీ కొట్టక తప్పడం లేదు. అన్నిటికంటే ముందు చేయవలసిందీ, నేను చివర చేసిందీ ఒకటుంది: కుండీ ఉన్న ఇనుప స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టి చీమల రాకపోకలు ఆపాను. పరివారం లేని జమీందారు ఎంత నిస్సహాయుడో అప్పుడు తెలిసింది.

తమ దాయాది బొప్పాయి పిండినల్లి కథ తమరు వినే ఉంటారు. మెక్సికో ప్రాంతం నుంచి వచ్చి 2008లో కోయంబత్తూరులో కనిపించిన వారు, బొప్పాయి, మల్బరీ తోటలను ఊడ్చిపెడుతుంటే, 2010లో ప్యూర్టో రికో నుంచి ఎసిరోఫేగస్ పపాయే అనే అతి చిన్న కందిరీగను తెప్పించి వదిలారు. అది తమ దాయాదుల ఒంట్లోనే గుడ్లు పెట్టి వారిని అదుపులోకి తెచ్చింది.

ఈ లేఖకు అసలు కారణం నిన్న కొమ్మపై కనిపించిన నలుగురు కొత్తవారు. తమలాగే తెల్లని మైనపు పోగులు కప్పుకున్నారు గాని, తమకంటే పెద్దవారు, చురుగ్గా నడుస్తున్నారు. కిందటి నెల ఇటువంటి వారినే తమ ఇంటిపెద్దలనుకొని వేలితో నలిపేశాను. వారు అక్షింతల పురుగు పిల్లలని, తమను తినే మేకవన్నె పులులని తర్వాత తెలిసింది. 1898లో కాఫీ తోటల్లోని పొలుసు పురుగులను తినడానికి ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్లలూ ఈ వేషంలోనే ఉంటారట. అందుచేత వేపనూనె సీసాను గూట్లో పెట్టేశాను. వేషం చూసి బంధువులే అనుకొని తమ పంక్తిలో చోటివ్వండి. అక్షింతలు వేసే పని వారే చూసుకుంటారు.

ఇట్లు,
కుండీ యజమాని