లైబ్రరీ ఎలా ఉందంటే ఫ్యాన్ బాగుందంటారు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏదైనా టీ కొట్టు దగ్గర నిలబడి, పక్కనున్న, పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లను "ఇక్కడ లైబ్రరీలు ఎలా ఉంటాయి?" అని అడిగి చూడండి. నేను కొన్ని వారాల పాటు వీలైనప్పుడల్లా అడిగాను. జవాబులన్నీ ఇంచుమించు ఒకే తీరు. "ఫ్యాన్ కింద సీటు దొరికితే మంచిగుంటది అన్నా." "పొద్దుగాల్నే బ్యాగు పెట్టాలె, లేకుంటే చెట్టు కిందనే." "నీళ్లకు ఇబ్బంది లేదు, బాత్రూములే జర కష్టం." "ఫోన్ చార్జింగ్‌కు ప్లగ్గు దొరకదు."

మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు తన ప్లాస్టిక్ కుర్చీ గురించి చెప్పాడు. సొంత డబ్బుతో కొనుక్కున్నాడు. వెనకవైపు మార్కర్‌తో పేరు రాసుకున్నాడు. రాత్రి గదికి వెళ్లేటప్పుడు దానికి సైకిల్ చైను చుట్టి కిటికీ ఊచకు తాళం వేస్తాడు. "కుర్చీ పోతే సంవత్సరం పోయినట్టే అన్నా" అని నవ్వాడు.

మరి పుస్తకాలు ఎలా ఉన్నాయి అన్నాను. "ఏ పుస్తకాలన్నా?" అన్నాడు. భుజాన ఉన్న బ్యాగు జిప్పు తీసి తనవి చూపించబోయాడు.

ఆ ఎదురు ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. మన నగరంలో లైబ్రరీకి వెళ్లేవాళ్లు తక్కువేమీ కాదు. చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ ఎప్పుడు చూసినా కిటకిటలాడుతుంది. తెలుగు పాఠకుడు చచ్చిపోయాడని సభల్లో కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఒకసారి అటు వెళ్లి వస్తే మాట మార్చుకుంటారు. కానీ అక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికి కుర్చీ మీద అభిప్రాయం ఉంది, ఫ్యాన్ మీద ఉంది, వేళల మీద ఉంది. బీరువాల్లో ఉన్న పుస్తకాల మీద మంచిగానో చెడ్డగానో ఏ అభిప్రాయమూ లేదు. వాటితో వాళ్లకు పని పడలేదు. మన లైబ్రరీల గురించి వినిపించే మెచ్చుకోళ్లూ ఫిర్యాదులూ నిజానికి ఒక ఉచిత స్టడీ హాల్ గురించినవి. లైబ్రరీ గురించి మాట్లాడేవాళ్లు లైబ్రరీకి రావడం మానేసి చాలా కాలమైంది.

ఇందులో ఆ పిల్లల తప్పేమీ లేదు. వాళ్లను అక్కడ కట్టిపడేసింది ఏమిటో ఒక్క గ్రూప్-1 కథ చూస్తే చాలు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్. అంటే ఒకే మెట్టు మూడుసార్లు ఎక్కారు. పరీక్ష వాయిదా పడ్డ ప్రతిసారీ అదే కుర్చీలో మరో ఏడాది. ఊళ్లో అమ్మానాన్నలు పంపే డబ్బు గది అద్దెకూ మెస్సుకూ చాలదు. ప్రైవేటు స్టడీ హాల్‌లో ఏసీ ఉంటుంది, వైఫై ఉంటుంది, నెలనెలా ఫీజు కూడా ఉంటుంది. ఐదు రూపాయల భోజనం దగ్గర లైనులో నిలబడే కుర్రాడికి ఆ ఫీజు చిన్నదేం కాదు. ప్రభుత్వ లైబ్రరీ ఒక్కటే వాణ్ని డబ్బులు అడగదు.

అందుకే 2023 నవంబరులో ఎన్నికల ప్రచారానికి వచ్చిన రాహుల్ గాంధీ కూడా నిరుద్యోగుల్ని కలవడానికి చిక్కడపల్లి లైబ్రరీకే వెళ్లారు. ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కూ నిజాం కాలేజీ మైదానానికీ పోలేదు. మరుసటి ఏడాది అశోక్‌నగర్‌లో పరీక్షల వాయిదా కోసం నిరసనలు జరిగినప్పుడు పోలీసుల కన్ను పడిందీ ఆ చుట్టుపక్కలే. ఈ నగరంలో ఉద్యోగం లేని యువత అడ్రస్ లైబ్రరీ అని నాయకులకూ తెలుసు, పోలీసులకూ తెలుసు.

ఇక రెండో రకం లైబ్రరీలు. బస్తీలో, కాలనీలో, వార్డు ఆఫీసు పక్కన రెండు గదుల శాఖా గ్రంథాలయాలు. చాలాచోట్ల ఇవి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు. ఆఫీసుకు వెళ్లేవాడు బయల్దేరే వేళకు హడావుడి, తిరిగి వచ్చే వేళకు తాళం. ఇక్కడి ప్రజలు రిటైరైన పెద్దలు. వాళ్ల అభిప్రాయాలు పేపర్ల చుట్టూ తిరుగుతాయి. ఫలానా పేపరు ఆపేశారు, ఫలానాది తొమ్మిదయినా రాదు, లోపలి షీటు ఎవరో పట్టుకుపోయారు, ఉద్యోగ ప్రకటనల ముక్కను బ్లేడుతో కోసుకుపోయారు. ఒక పెద్దాయన, ఎవరో అలా కోసిన పేజీని నా ముఖం ముందు పెట్టి, ఆ కిటికీలోంచి నన్ను చూస్తూ "ఇదండీ మన సంస్కృతి" అన్నారు. కోసిన వాడికి ఆ ముక్కతో ఎంత అవసరమో ఆయనకు పట్టలేదు. అలాగని జిరాక్స్ తీయించుకుంటే పోయేదానికి బ్లేడు ఎందుకన్న ఆయన ప్రశ్నలోనూ న్యాయం ఉంది.

అలాంటి ఒక శాఖలోనే, పేరు అక్కర్లేదు, నాకు ఒక పుస్తకం కావాల్సి వచ్చింది. ఊళ్ల పేర్లు ఎలా పుట్టాయన్న విషయం మీద పాత పుస్తకం. కేటలాగ్ అడిగితే చెక్క డబ్బాలో కార్డులు చూపించారు. కార్డు దొరికింది, దాని మీద నంబరు ఉంది, ఆ నంబరు ఉండాల్సిన బీరువాకు తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవు. మరో రోజు వెళ్లాను. బీరువా తెరవగానే పాత కాగితం వాసన గుప్పుమంది. పుస్తకం అక్కడే ఉంది, కదిలిస్తే కింద దుమ్ములో దాని ఆకారం మిగిలింది.

అసలు సంగతి అట్ట లోపల ఉంది. చివరి పేజీకి అతికించిన తేదీల చీటీ. 1991లో ఐదు ముద్రలు, 92లో మూడు, 94లో ఒకటి. తర్వాత ఒక్కసారిగా 2006. ఆ తర్వాత ఖాళీ. నా కోసం తేదీ వేయబోతే ఇంకు ప్యాడ్ ఎండిపోయి ముద్ర పడలేదు. ఆయన రెండు చుక్కల నీళ్లు పోసి, వేలితో రుద్ది, మళ్లీ గట్టిగా నొక్కారు. వంగపండు రంగులో సగం తేదీ పడింది. "ఎన్నాళ్లయిందో సార్ దీన్ని వాడి" అన్నారు సిగ్గుపడుతూ.

నా దృష్టిలో సందర్శకుల అభిప్రాయం అంటే ఆ చీటీ. ఎవరూ పొగడలేదు, తిట్టలేదు, తీసుకెళ్లారు, లేదా తీసుకెళ్లలేదు. గేటు దగ్గర ఇంకో రిజిస్టర్ ఉంటుంది. పేరు, వచ్చిన పని, సంతకం. మొదటివాడు "స్టడీ" అని రాస్తే కిందివాళ్లంతా పేజీ చివరిదాకా డిట్టో గుర్తులు గీస్తూ పోతారు. రోజుకు ఇన్ని వందల మంది పాఠకులు వచ్చారని లెక్క చెప్పేటప్పుడు చూపించేది ఈ రిజిస్టరే. ఎన్ని పుస్తకాలు ఇళ్లకు వెళ్లాయన్న లెక్క దాని పక్కన పెట్టి చూస్తే కథ వేరుగా ఉంటుంది. గేటు రిజిస్టర్ నిండుతున్నంత కాలం ఇష్యూ రిజిస్టర్ గురించి అడిగే అవసరం ఎవరికీ రాదు. కొత్త పుస్తకాలు ఎందుకు కొనలేదని అడగాల్సిన పాఠకుడు లేడు. ఉన్నవాడికి కావాల్సింది తెలుగు అకాడమీ పుస్తకాలూ కరెంట్ అఫైర్సూ, అవి వాడి బ్యాగులోనే ఉన్నాయి.

అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వచ్చేవాళ్లది ఇంకో వరస. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది, 1936లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. పక్కన ఉస్మానియా ఆసుపత్రి, ఏటికి అవతల హైకోర్టు. తెలుగు, ఉర్దూ, పారశీ, అరబీ, సంస్కృతం, మరాఠీ, కన్నడం, అన్నీ ఒక్క కప్పు కింద ఉన్న చోటు ఈ నగరంలో ఇంకెక్కడుంది? అయినా చూసి వచ్చినవాళ్లను అడిగితే ఎత్తయిన కప్పు గురించి, మెట్ల గురించి, ఫొటోలు ఎంత బాగా వస్తాయన్న దాని గురించి చెబుతారు. "బిల్డింగ్ సూపర్ సార్." పరిశోధన కోసం వచ్చినవాళ్లు మాత్రం భవనం ఊసెత్తరు. వాళ్ల మాటలన్నీ పాత పత్రికల గురించే. ఏ ఏడాది సంపుటం దొరికింది, ముట్టుకుంటే ఏ పేజీ పొడి అవుతోంది, స్కాన్ అయింది ఏది, కానిది ఏది. నాకు తారసపడినంతలో లైబ్రరీ మీద నిజమైన అభిప్రాయం ఉన్న జాతి వీళ్లొక్కరే. వాళ్ల సంఖ్య చిన్నది, ఓట్లు అసలే లేవు.

ఆడపిల్లల జవాబులు కూడా విడిగా చెప్పాలి. హాల్ బాగుందా అంటే బాగుంది అంటారు. ఎంతసేపు కూర్చుంటారు అంటే మాట మారుతుంది. హాస్టల్ గేటు మూసే టైము, చీకటి పడ్డాక సందు, బాత్రూమ్ తలుపు గడియ. ఒకమ్మాయి మధ్యాహ్నం నుంచీ నీళ్లు తాగనని చెప్పింది. ఎందుకని అడిగితే "మీకు తెల్వదా సార్" అంది. ఇలాంటి మాటలు సలహాల పుస్తకంలో కనబడవు.

డబ్బు సంగతికి వద్దాం. లైబ్రరీ మనకు ఉచితంగా పెట్టింది కాదు. గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు. పన్ను 5,000 అయితే సెస్సు 400. ఇల్లున్నవాళ్లు నేరుగా కడతారు, అద్దెకున్నవాళ్లు అద్దెలో కడతారు. నేను మాట్లాడినవాళ్లలో తాము లైబ్రరీకి డబ్బు కడుతున్నామని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మున్సిపాలిటీ వసూలు చేసిన ఈ సెస్సు గ్రంథాలయ సంస్థకు చేరాలి. జీహెచ్‌ఎంసీ నుంచి రావాల్సిన బకాయిలు కోట్లలో పేరుకున్నాయన్న వార్త ఏళ్లుగా చదువుతూనే ఉన్నాం. మన పేరున వసూలైన డబ్బు మన లైబ్రరీకి రాకపోతే, ఎండిపోయిన ఇంకు ప్యాడ్‌కు ఆ గుమస్తాను తిట్టి ఏం లాభం? ఖాళీ అయిన పోస్టులు భర్తీ కాక, ఒక్క మనిషే తాళమూ తీసి, పేపర్లూ సర్ది, బీరువాలూ చూసుకునే చోట కేటలాగ్ సరిగా లేదని అడగడానికి నాకే నోరు రాలేదు.

స్టడీ హాలూ లైబ్రరీ ఒకే చోట చిక్కుపడ్డ ఈ పీటముడి విప్పలేనిదేం కాదు. చెన్నై కొట్టూరుపురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి లైబ్రరీలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవాళ్లకు కింది అంతస్తులోనే విడిగా ఒక విభాగం పెట్టారు. పోటీ పరీక్షలవాళ్లు అక్కడ కూర్చుంటారు, పిల్లల విభాగం పిల్లలకు ఉంటుంది, తమిళ పుస్తకాల అంతస్తు తమిళ పుస్తకాలకు ఉంటుంది. ఒకరి కుర్చీ మీద ఇంకొకరు పడరు. 2011లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం ఆ భవనాన్ని పిల్లల ఆసుపత్రి చేస్తామంటే గొడవ మద్రాసు హైకోర్టుదాకా వెళ్లింది, కోర్టు ఆపింది. లైబ్రరీ పోతుందంటే కోర్టుకెక్కేవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. మన దగ్గర రేపు ఏదైనా లైబ్రరీ మూస్తామంటే రోడ్డెక్కేవాళ్లు తప్పకుండా ఉంటారు, కానీ అదే రోజు పక్క వీధిలో అన్నే కుర్చీలతో ఒక హాల్ తెరిస్తే ఎంతమంది మిగులుతారో నేను చెప్పలేను.

నా మట్టుకు నాకు ఆ హాల్ తెరవాలనే ఉంది. కుర్చీలు, లైట్లు, శుభ్రమైన బాత్రూములు, రాత్రి పదకొండు దాకా కాపలా. వారం రోజులూ ఖాళీగా పడి ఉండి పెళ్లిళ్లకు మాత్రం తెరుచుకునే కమ్యూనిటీ హాళ్లు ప్రతి డివిజన్‌లో కనిపిస్తాయి. దానికి లైబ్రరీ సెస్సు ముట్టుకోవద్దు, ఉద్యోగాల శాఖ పెట్టుకోవాల్సిన ఖర్చు అది. పరీక్షలు వాయిదా వేసినవాళ్లే ఆ కరెంటు బిల్లు కట్టాలి. అప్పుడు లైబ్రరీలో ఎంతమంది మిగిలారో లెక్క తేలుతుంది. మొదట్లో ఆ అంకె చూసి భయపడతాం. ఇరవై మంది పెద్దలు, ముగ్గురు పరిశోధకులు, సెలవుల్లో దారి తప్పి వచ్చిన పిల్లవాడు. ఆ ఇరవై నాలుగు మంది ఏం అడుగుతారో అది విని పుస్తకాలు కొనడం మొదలుపెట్టొచ్చు. ఇప్పుడు అది కూడా వినబడటం లేదు.

కుర్చీ కుర్రాడు మొన్న మళ్లీ కనిపించాడు. గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చిందట, స్వీట్ బాక్సుతో వచ్చాడు. కుర్చీ తమ మండలం నుంచే వచ్చిన ఇంకొకరికి ఇచ్చేశాడు, చైనూ తాళంతో సహా. పాత పేరు మీద వాడు స్టిక్కర్ అంటించుకున్నాడట. మొత్తం నాలుగేళ్లు కూర్చున్నావు కదా, లైబ్రరీ కార్డు ఏం చేశావు, వాపసు ఇచ్చి డిపాజిట్ తెచ్చుకున్నావా అని అడిగాను.

"కార్డు కూడా ఉంటదా అన్నా?" అన్నాడు.