మీటరుకు చిక్కని తీపి

నగరంలోని పెద్ద సూపర్‌మార్కెట్లలో తేనె సీసాల పక్కన అగావే సిరప్‌కు చోటు దొరికి కొన్నేళ్లయింది. లేత బంగారు రంగు ద్రవం, ముందు వైపు కత్తుల్లాంటి ఆకుల బొమ్మ, దాని కింద ‘సహజం’, ‘షుగర్ ఉన్నవారికి అనుకూలం’ అన్న మాటలు. సీసా వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో పోషకాల పట్టిక. తల్లికి షుగర్ వచ్చిందని, ఆమె పొద్దుటి టీలోకి ఏదైనా మంచిది కొందామని వచ్చిన కూతురు చదివేది ముందు వైపే. తప్పు ఆమెది కాదు. వెనుక రాసినది ముందు రాయనివారిది.

అగావే మనకు కొత్త మొక్కేమీ కాదు. పొలాల గట్ల మీద, రైలు పట్టాల పక్కన కంచెలా పెరిగే కిత్తనార ఆ జాతిదే. దాని మట్టల నుంచి నార తీసి పగ్గాలు పేనిన ఊళ్లు మనకున్నాయి. సిరప్ మాత్రం మెక్సికో నుంచి వచ్చిన సంగతి. టెకీలా అనే మద్యం తయారయ్యే నీలి అగావేనే దీనికీ ఎక్కువగా వాడతారు. ఏళ్ల తరబడి పెంచిన మొక్క ఆకులు నరికేస్తే పెద్ద అనాసపండులాంటి మొదలు మిగులుతుంది. దాన్ని పిండి రసం తీస్తారు. ఆ రసంలో ఇనులిన్ వంటి పీచు పదార్థాలుంటాయి. అవి మనకు అరగవు, పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. అయితే వాటికి పెద్దగా తీపి ఉండదు. అందుకే రసాన్ని వేడి చేసి, లేదా ఎంజైములు కలిపి ఆ పీచును ఫ్రక్టోజ్‌గా, అంటే పళ్లలో ఉండే రకం చక్కెరగా విడగొడతారు. నీరు ఇగిరించి చిక్కని పాకం చేస్తారు. అంటే ఏ పీచు పేరు చెప్పి ఈ మొక్కను పొగుడుతున్నారో, ఆ పీచు సీసాలోకి చేరేసరికి చాలావరకు మిగలదు.

దీనికున్న మంచిని కాదనడం మా ఉద్దేశం కాదు. తిన్నది రక్తంలో గ్లూకోజ్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె గ్లైసీమిక్ ఇండెక్స్. చక్కెరకు అది 65 దరిదాపుల్లో ఉంటే అగావే సిరప్‌ది సాధారణంగా 30 లోపే. తీపి చక్కెర కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ కాబట్టి తక్కువ వేసినా సరిపోతుంది. చల్లటి నిమ్మరసంలో ఇట్టే కరుగుతుంది, తేనెలా గడ్డకట్టదు. తేనె ముట్టని శాకాహారులకు ఉపయోగం. ఇంతవరకూ నిజమే.

చిక్కంతా ఆ 30 అంకెను చదివే తీరులో ఉంది. వేలు పొడిచి చూసే మీటరు గ్లూకోజ్‌నే కొలుస్తుంది, ఫ్రక్టోజ్‌ను కొలవదు. మనం వాడే చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. అగావే సిరప్‌లోని చక్కెరల్లో ఫ్రక్టోజ్ వాటా తరచుగా 70 నుంచి 90 శాతం. అమెరికా శీతల పానీయాల్లో కలిపే, అందరూ తిట్టిపోసే మొక్కజొన్న సిరప్‌లో కూడా అది 55 శాతమే. తిన్నాక చూస్తే రీడింగ్ పెరగలేదని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అదే సమయంలో ఆ ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం మోస్తుంది. మోతాదు మించితే అక్కడ అది కొవ్వుగా మారుతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు పెరుగుతాయి, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. 2009లో అమెరికాలో అధిక బరువున్న వారికి పది వారాల పాటు రోజువారీ శక్తిలో నాలుగో వంతు ఫ్రక్టోజ్ పానీయాల ద్వారా ఇచ్చి చూశారు. గ్లూకోజ్ పానీయాలు తాగిన వారితో పోలిస్తే వీరి పొట్ట లోపలి కొవ్వు ఎక్కువగా పెరిగింది. అంత మోతాదు ఎవరూ టీలో వేసుకోరు, నిజమే. కానీ గ్రానోలాలో, ప్రొటీన్ బార్‌లో, కేఫేలోని స్మూతీలో, ‘చక్కెర లేని’ కేకులో కొంచెం కొంచెంగా చేరే తీపిని ఎవరు లెక్కపెడుతున్నారు?

ఈ మాట హైదరాబాద్‌లో మరింత గట్టిగా చెప్పాల్సి ఉంది. ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్లు తేలింది. దానికి కారణం గంటల తరబడి కూర్చునే ఉద్యోగం, నిద్రలేమి, తిండి. అగావే కాదు. కానీ ఖరీదైన ‘ఆరోగ్యకర’ తీపిని కొనగలిగేదీ, కొంటున్నదీ ఎక్కువగా ఈ వర్గమే. ఇప్పటికే బరువెక్కిన కాలేయం మీద మరో బరువు మోపి, షుగర్ కోసం జాగ్రత్త పడుతున్నామనుకోవడం కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే.

చెంచా లెక్క కూడా చూడాలి. చెంచా చక్కెర దాదాపు 4 గ్రాములు, 16 కేలరీలు. అదే చెంచా సిరప్ చిక్కగా, బరువుగా ఉంటుంది కాబట్టి 20 కేలరీలు దాటుతుంది. చక్కెర స్థానంలో చెంచాకు చెంచా వేస్తే కేలరీలు పెరిగినట్టే. మూడింట రెండు వంతులే వేస్తేనే కొంత లాభం. సీసా వంచి పోసేవారికి ఈ లెక్క అందదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో తేనె, సిరప్‌లు, పళ్ల రసాల తీపిని కూడా చక్కెరతో కలిపే లెక్కించింది. రోజు శక్తిలో ఈ వాటా 10 శాతం లోపు ఉండాలనీ, 5 శాతానికి, అంటే దాదాపు 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మేలనీ చెప్పింది. బెల్లం, తాటిబెల్లం వాడుతున్నాం కదా అని ధీమాగా ఉన్న ఇళ్లకూ ఇదే లెక్క.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ప్యాకెట్ల మీది లేబుళ్లు చదవాలని, ‘షుగర్ ఫ్రీ’ వంటి మాటలను నమ్మి మోసపోవద్దని హెచ్చరించింది. అదే ఏడాది జులైలో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ మొత్తం చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు వివరాలను పెద్ద, ముద్ద అక్షరాల్లో వేయాలన్న ప్రతిపాదనను ఆమోదించింది. అది ప్యాకెట్ ముందు వైపునే కనిపించాలి, తెలుగులోనూ ఉండాలన్నది మా మాట. అగావే కలిపిన బిస్కెట్టు మీద, మిఠాయి మీద ‘చక్కెర లేదు’ అన్న మాట కనబడితే అధికారులు దాన్ని అక్కడే తీయించాలి. మిఠాయి దుకాణాలు, కేఫేలు బోర్డు మీద ఏ తీపి, ఎన్ని గ్రాములు వాడారో రాయడానికి అడ్డేమిటి? ఈ నగరంలో పండుగలకు కొనే ‘షుగర్ ఫ్రీ’ డబ్బా ముసలి తల్లిదండ్రుల చేతికే కదా వెళ్లేది.

కొందరు దీన్ని అసలు ముట్టకపోవడమే మంచిది. ఫ్యాటీ లివర్, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లనొప్పి) ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. తరచూ కడుపు ఉబ్బరం, విరేచనాలతో బాధపడేవారికి ఫ్రక్టోజ్ పడకపోవచ్చు. పుట్టుకతోనే ఫ్రక్టోజ్‌ను అరిగించుకోలేని అరుదైన లోపం ఉన్న పిల్లలకు ఇది ప్రమాదకరం. గట్టు మీది కిత్తనార పసరుతో ఇంట్లో ప్రయోగాలు చేయవద్దు. పచ్చి పసరు తగిలితే చర్మం మంట పుట్టి బొబ్బలెక్కుతుంది. కలబంద వేరు, ఇది వేరు.

ఇన్సులిన్ తీసుకునేవారి ఇళ్లకు మరొక్క మాట. లో షుగర్‌తో మనిషికి చెమటలు పట్టి చేతులు వణుకుతున్నప్పుడు, చేతికందింది కదా అని ఈ సిరప్ తాగించవద్దు. రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే గుణమే ఆ సమయంలో శత్రువు. స్పృహలో ఉంటే మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించాలి, అది లేకపోతే మామూలు చక్కెర. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో ఎన్ని రకాల తీపి సీసాలున్నా గ్లూకోజ్ డబ్బా మాత్రం అందరికీ తెలిసిన చోట, చేతికందే ఎత్తులో ఉంచండి.